నంబరు లేని ఇటాలియన్ కాగితం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం నాడు, నన్ను ప్యాకింగ్ విభాగానికి తాత్కాలికంగా పంపుతూ ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాది ఒక మధ్యతరహా మందుల కర్మాగారం. పేరు ఇక్కడ అవసరం లేదు. ఇటలీ నుంచి మాత్రల పట్టీలు చేసే కొత్త బ్లిస్టర్ మిషన్ వచ్చింది. దాన్ని బిగించి నడిపించడానికి రెండు వారాలు పడుతుందని, అందుకు ఏమేమి కావాలో ఆ ఉత్తర్వులో వరుసగా రాశారు. ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి. బరువులు దించే మనుషులు నలుగురు. ఎలక్ట్రీషియన్ ఒకరు. భాష తెలిసిన వ్యక్తి ఒకరు. ఆ ఆఖరి వ్యక్తిని నేను. ఇరవై ఆరేళ్ల సర్వీసు తరువాత ఫోర్క్‌లిఫ్ట్ కింద, పేరు లేకుండా ఉన్నాను. ఫోర్క్‌లిఫ్ట్‌కు కనీసం దాని నంబరు రాశారు. ఆ ఉత్తర్వు నకలు ఇప్పటికీ కిష్టారెడ్డిపేటలో మా ఫ్లాటులో, నా ఫైల్లో ఉంది.

నా హోదా సీనియర్ డాక్యుమెంటేషన్ ఆఫీసర్. ఈ పని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు కనుక కొంచెం చెప్పాలి. మందుల కర్మాగారంలో ఏ పని అయినా ఎట్లా చేయాలో ముందు కాగితం మీద ఉండాలి; దాన్ని ఎస్ఓపీ అంటారు. ఆ కాగితానికి ఒక నంబరు ఉండాలి. కింద మూడు గడులు ఉండాలి: తయారు చేసినవారు, పరిశీలించినవారు, ఆమోదించినవారు. మూడు సంతకాలు పడ్డాక దాని మీద ‘కంట్రోల్డ్ కాపీ’ అని నీలి ముద్ర పడుతుంది. ఆ ముద్ర వేసేది నేనే. ముద్ర లేని కాగితం ఉత్పత్తి గదిలో కనిపిస్తే తప్పు. ముద్ర ఉన్న కాగితం మీద ఎవరైనా చేత్తో ఒక్క అక్షరం రాసినా తప్పే. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. రాయడానికి ఏమీ లేకపోతే ‘వర్తించదు’ అని రాయాలి. పెన్సిల్ అయితే గేటు లోపలికే రాకూడదు, చెరిపి మళ్లీ రాయవచ్చు కనుక. పత్రాలన్నీ ఇంగ్లిషులోనే ఉండాలి, తనిఖీకి ఏ దేశం వాళ్లయినా రావచ్చు కనుక. ఈ నియమాలకు ఇరవై ఆరేళ్లు కాపలా కాశాను. అందుకు నా వెనక ఎవరు ఏ పేరు పెట్టారో నాకు తెలుసు.

ఇటాలియన్ నాకు ఎట్లా వచ్చిందంటే, అదీ ఒక అవమానం కిందికే వస్తుంది. నా సర్వీసు మొదట్లో ఇటలీ మిషన్ ఒకటి వచ్చింది. దాని పుస్తకం సగం ఇంగ్లిషులో, సగం ఇటాలియన్‌లో ఉంది. కోఠీలో ఫుట్‌పాత్ మీద పాత నిఘంటువు కొని, మూడు నెలలు కూర్చుని ఆ సగాన్ని ఇంగ్లిషులోకి మార్చాను. పుస్తకం అచ్చయి వచ్చింది. ‘తయారు చేసినవారు’ అనే గడిలో మెయింటెనెన్స్ ఇంజినీరు పేరు ఉంది. తరువాతి మిషన్‌ను చూసి రావడానికి ఇటలీ వెళ్లింది కూడా అతనే. వస్తూ వస్తూ నాకొక కీచైన్ తెచ్చాడు. తీసుకున్నాను. మరిచిపోలేదు.

మంగళవారం ఆ కంపెనీ మనిషి వచ్చాడు. పేరు ఎత్తోరె. అరవై దాటినవాడు, పొట్టి, చేతులు మాత్రం పెద్దవి. అతనికీ ఇంకో ఏడాదిలో రిటైర్మెంటే. ఇంగ్లిషు మాటలు పది వస్తాయి, అందులో నాలుగు భోజనానికి సంబంధించినవి. సాంకేతిక పదాలతో నాకు ఇబ్బంది లేదు. బేరింగు, గాస్కెట్, సీలింగ్ ప్లేటు, ఇవన్నీ పాత పుస్తకం పుణ్యమా అని నోటికి వచ్చినవే. మొదటి రోజు మీటింగులో అతని మాటలు గడగడా చెప్పేసరికి క్యూఏ హెడ్ ప్రసాద్ గారు కూడా తల ఎత్తి చూశారు. క్యూఏ అంటే నాణ్యతా విభాగం. ప్రసాద్ గారు నాకు పై అధికారి, వయసులో పన్నెండేళ్లు చిన్న. ఆ చూపుకు నేను కొంచెం పొంగిపోయాననే చెప్పాలి. అది ఒక్క రోజే.

మిషన్ నడపడానికి ఎంపికైన మనిషి రూతమ్మ. ఊరు కంది దగ్గర. చిట్కుల్‌లో కిరాయి గదిలో ఉంటూ తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టరు కింద మా ప్యాకింగ్‌లో పని చేస్తోంది. తొమ్మిదేళ్లుగా మూడు నెలలకొకసారి ఆమె గేటు పాస్ గడువు తీరేది, మళ్లీ కొత్తది ఇచ్చేవాళ్లు. పదో తరగతి తెలుగు మీడియం. పాత మిషన్ మీద హెల్పరుగా ఉంటూనే, ఆపరేటరు రానినాడు ఆ మిషన్‌ను తనే నడిపేది. రికార్డులో మాత్రం ఆపరేటరు పేరే ఉండేది. ఈసారి యాజమాన్యం ఒక మాట ఇచ్చింది. కొత్త మిషన్ మీద అర్హత పొందిన ఆపరేటర్ని కంపెనీ రోల్లోకి, అంటే పర్మినెంటుగా, తీసుకుంటారు. అర్హత అంటే, తయారీదారు మనిషి ఎదుట మూడుసార్లు అచ్చు మార్పిడి చేయాలి. అతను ట్రైనింగ్ రికార్డులో మూడు సంతకాలు పెట్టాలి. అతను ఉండేది రెండు వారాలే. తరువాత సంతకం పెట్టేవాడు ఉండడు.

అచ్చు మార్పిడి గురించి కూడా ఒక మాట. బ్లిస్టర్ మిషన్ ప్లాస్టిక్ రేకును వేడి చేసి గుంటలు చేస్తుంది, ఒక్కో గుంటలో ఒక్కో మాత్ర వేస్తుంది, పైన అల్యూమినియం రేకు అతికించి కత్తిరిస్తుంది. మాత్ర సైజు మారినప్పుడల్లా లోపలి ప్లేట్లన్నీ మార్చాలి. అప్పుడు మిషన్‌ను ఒక బటన్‌తో కొంచెం కొంచెంగా, ఒక్కో నొక్కుకు వేలెడంత జరుపుతారు. బటన్ దగ్గర ఉన్న మనిషికి అవతలి వైపు కనిపించదు. అవతల ఉన్నవాడు చెప్పాలి. అతని చేతులు ప్లేట్ల మధ్యలో ఉంటాయి. ఆ మాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు.

బుధవారం అలవాటు కోసం ఒకసారి చేసి చూశారు. లోపల నలుగురికి మించి ఉండకూడదు కనుక నేను అద్దం అవతల నిలబడ్డాను. ఎత్తోరె లోపల చేయి పెట్టి ‘అస్పెత్తా’ అన్నాడు. ఆగమని. రూతమ్మకు అర్థం కాలేదు. నొక్కమంటున్నాడనుకుని నొక్కింది. ప్లేటు దిగింది. అతని చేతిలోని స్పానర్ రెండు ప్లేట్ల మధ్య చిక్కుకుని వంగింది. ఎత్తోరె చేయి బయటికి తీసి, పది వేళ్లూ పైకెత్తి, ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపి నవ్వాడు. రూతమ్మ నవ్వలేదు. బయటికి వచ్చి గౌన్ విప్పుతూ నాతో అంది:

“సార్, మీరు చెప్పే పెద్ద పెద్ద మాటలన్నీ బుక్కుల ఉన్నయి. ఆయన గవి ఒక్కటి గుడ అంటలేడు. ఆయన అనేటియి ఇంకేందో ఉన్నయి. గవి నాకు రాసియ్యుండ్రి.”

ఈ రోజుల్లో ఫోను పెడితే ఏ భాష అయినా మారుస్తుంది గదా అని పాఠకులు అనుకోవచ్చు. గౌన్ వేసుకునే గది దాటి లోపలికి ఫోను పోదు. అందుకే కాగితం.

మర్నాడు ఎత్తోరె పక్కన కూర్చుని, అతను రోజంతా ఏమంటాడో వింటూ నలభై రెండు మాటలు రాసుకున్నాను. అప్పుడు తెలిసింది, ఇరవై ఏళ్ల నా ఇటాలియన్‌లో మామూలు మాట ఒక్కటీ లేదని. గాస్కెట్‌కు నా దగ్గర మాట ఉంది. ‘ఇట్ల పట్టుకో’ అనడానికి లేదు. నిఘంటువు తిరగేశాను. దొరికినవి ఇంగ్లిషులో, డాక్యుమెంటేషన్ ఆఫీసరుకు తగినట్లుగా రాశాను. ‘అస్పెత్తా’ పక్కన ‘ప్లీజ్ వెయిట్ ఫర్ ఫర్దర్ ఇన్‌స్ట్రక్షన్’. ‘ఫేర్మో’ పక్కన ‘రిమెయిన్ ఇమ్మొబైల్’. ‘కొసీ’ పక్కన ‘ఇన్ దిస్ మేనర్’. ‘బొహ్’ అనే మాట నిఘంటువులోనే లేదు. భుజాలు ఎగరేసి, పెదవి విరిచి అంటాడు. దాని పక్కన ‘ఇన్ఫర్మేషన్ నాట్ అవైలబుల్’ అని రాశాను. అప్పుడు అది బాగుందనే అనుకున్నాను.

ఒక్కదానికి ఏమీ దొరకలేదు. ఎత్తోరె పొద్దున్నే లోపలికి వస్తూ ప్రతి మనిషి ముందూ ఆగి ‘బువోన్ లవోరో’ అనేవాడు. పని మొదలుపెట్టేవాళ్లకు, పని మంచిగా సాగాలని చెప్పే మాట. ఊడ్చే ఆమెకు కూడా చెప్పేవాడు. ఇంగ్లిషులో పని అయ్యాక మెచ్చుకోవడానికి మాటలున్నాయి. మొదలుపెట్టేటప్పుడు చెప్పడానికి ఏదీ కనిపించలేదు. నియమం ప్రకారం ఆ గడిలో ‘వర్తించదు’ అని రాశాను.

రూతమ్మ జాబితాను వేలు పెట్టి పై నుంచి కింది దాకా చదివింది. తరువాత అంది:

“సార్, ఏమనుకోకుండ్రి. ఆయన ఒక్క మాట అంటుండు, మీరు అయిదు మాటలు రాసిన్రు. నేను మీది చదివి అర్థం చేసుకునేటాల్లకు ఆయన చెయ్యి రేకుల ప్యాకయి బయటికొస్తది.”

పక్కనున్న ఆడవాళ్లు పడి పడి నవ్వారు. ఆ నవ్వును నేను లెక్కలో పెట్టుకోలేదు. లెక్కలో పెట్టుకున్న నవ్వు వేరే ఉంది.

ఆ జాబితా ఉత్పత్తి గదిలోకి వెళ్లాలంటే నంబరు కావాలి. నంబరు ఇవ్వవలసింది క్యూఏ హెడ్. గురువారం మెమో పెట్టాను. ‘అవసరం లేదు’ అని వెనక్కి వచ్చింది. కారణాలు వివరిస్తూ శుక్రవారం రెండోది పెట్టాను. అదే జవాబు. శనివారం మూడోది నేనే చేత్తో పట్టుకుని వెళ్లాను. ఉదయపు మీటింగు నడుస్తోంది. ప్రసాద్ గారు చదివి, అందరికీ వినిపించేలా అన్నారు:

“నర్సింలు గారూ, ‘ఆగు’, ‘చాలు’ అనే మాటలకు కూడా నంబరు ఇమ్మంటారా? రేపు నమస్తేకి కూడా ఎస్ఓపీ రాయమంటారు.”

నలుగురు నవ్వారు. మీటింగు నుంచి వచ్చి నా బల్ల మీది క్యాలెండరులో, ఆ తేదీ కింద, ఆ నలుగురి పేర్లు రాసుకున్నాను. మూడో మెమో మీద కూడా ‘అవసరం లేదు’ అని, కింద సంతకం పెట్టి ఇచ్చారు. మూడింటినీ ఫైల్లో వరుసగా గుచ్చాను.

నంబరు లేని కాగితం లోపలికి పోకూడదు. నేనే పోనివ్వకూడదు. రూతమ్మకు జాబితా ఇస్తూ బయటే చదువుకుని కంఠస్థం చేయమన్నాను. “సరే సార్” అంది. ఆ ‘సరే’ ఎట్లాంటిదో తెలిసి కూడా నేను మళ్లీ అడగలేదు. ఇరవై ఆరేళ్లలో నేను కళ్లు మూసుకున్న కాగితం అదొక్కటే.

ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లోపల స్పానర్లు ఉండే బీరువా తలుపుకు వెనక వైపు అంటించింది.

ఆ తరువాతి వారం నా ఉద్యోగ జీవితంలో చాలా సంతోషంగా గడిచిన వారం. అద్దం అవతల నిలబడి వాళ్లిద్దర్నీ చూసేవాణ్ని. వినిపించేది తక్కువ, కనిపించేది ఎక్కువ. ఎత్తోరెకు ఒక అలవాటు. ఎవరి ముందు నుంచి దాటవలసి వచ్చినా ‘పెర్మెస్సో’ అని అనుమతి అడిగి, వాళ్లు తల ఊపాకే దాటేవాడు. మా ప్యాకింగ్ ఆడవాళ్లను దారి అడిగి దాటిన మగవాడు అంతకుముందు ఎవరూ లేరు. రెండు రోజుల్లో వాళ్లంతా ఒకరికొకరు పెర్మెస్సో చెప్పుకోవడం మొదలుపెట్టారు. క్యాంటీన్ వరుసలో కూడా. అతన్ని ‘పెద్దనాయిన’ అనేవాళ్లు. రూతమ్మ జొన్నరొట్టె, పచ్చి పులుసు తెచ్చి పెట్టేది. అతను రెండు రొట్టెలు తిని ‘బాస్తా’ అనేవాడు. చాలని. మా దగ్గర మొదటిసారి చాలన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోరు గదా, మూడో రొట్టె పడేది. మళ్లీ బాస్తా. నాలుగోది. అప్పుడు ఎత్తోరె నా వైపు తిరిగి, నీ జాబితాలో ఈ మాటకు ఏం రాశావని చేతులతో అడిగేవాడు. చివరికి తనే ‘సాలు, సాలు’ అనడం నేర్చుకున్నాడు. దానికీ ఆగలేదు.

మొదటి అచ్చు మార్పిడి సోమవారం అయింది. సంతకం పడింది. రెండోది బుధవారం. సంతకం పడింది. సంతకం పెట్టేముందు ఎత్తోరె ప్రతి వరుసా నాతో ఇటాలియన్‌లో చెప్పించుకుని గాని పెట్టలేదు. అర్థం కానిదాని మీద సంతకం పెట్టడట. ఆ ఒక్క మాటతో అతను నాకు తమ్ముడైపోయాడు. వయసులో పెద్దవాడైనా సరే.

మూడోది శుక్రవారం చేయాలి. శనివారం అతని విమానం. గురువారం తనిఖీ వచ్చింది.

మా మందులు కొనే ఒక కంపెనీ తరఫున ఒక ఆడిటర్ మేడం వచ్చారు. మితభాషి. ప్యాకింగ్ గదిలో అన్నీ చూసి, వెళ్లబోతూ స్పానర్ల బీరువా తెరిచారు. తలుపు వెనక కాగితం. నంబరు లేదు. ముద్ర లేదు. దాని నిండా పెన్సిల్ రాతలు. ఎత్తోరె సంచిలో ఉండే, వడ్రంగులు వాడే చప్పటి పెన్సిల్ అది. విదేశీ అతిథి సంచిని గేటు దగ్గర ఎవరూ విప్పి చూడలేదు.

మందుల కర్మాగారంలో ఇంతకంటే చెడ్డ కాగితం ఉండదు. నేను రూలు పుస్తకం పక్కన పెట్టి కూర్చుని తయారు చేయాలన్నా ఒకే పేజీలో అన్ని తప్పులు పట్టించలేను.

కాన్ఫరెన్స్ గదిలో అందరం కూర్చున్నాం. రూతమ్మను కూడా పిలిపించారు. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ప్రసాద్ గారు మేడంతో ఇంగ్లిషులో చెప్పారు: ఇది ఆపరేటరు సొంతంగా అంటించుకున్న చీటీ, సంస్థకు సంబంధం లేదు, ఆమె ట్రైనింగ్ రద్దు చేస్తాం, రెండు మార్పిడులూ కొట్టేస్తాం, వేరే మనిషిని పెడతాం. తరువాత రూతమ్మ వైపు తిరిగి తెలుగులో అడిగారు. ఆ రాత నీదేనా అని.

“నాదే సార్,” అంది. “పెన్సిల్ ఆయనది. రాత నాది.”

జాబితా ఎవరిచ్చారని అడిగారు. ఆమె నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ, “యాద్కి లేదు సార్,” అంది.

తొమ్మిదేళ్ల పాసులు, రెండు సంతకాలు, శనివారం విమానం. అక్కడ ఉన్నవాళ్లందరికీ ఆ లెక్క తెలుసు. నేను లేచి నా గదికి వెళ్లి ఫైలు తెచ్చాను. జాబితా నాదని చెప్పి, మూడు మెమోలు మేడం ముందు పెట్టాను. మూడింటి మీదా ‘అవసరం లేదు’. మూడింటి కిందా ప్రసాద్ గారి సంతకం.

ఆఫీసులో ఇది క్రమశిక్షణ తప్పడమే. పై అధికారి రాతను బయటి తనిఖీ ముందు పెట్టకూడదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా మనసులో రూతమ్మ సగమే ఉంది. మిగతా సగం నిండా శనివారం నాటి ఆ నలుగురి నవ్వు ఉంది. ఏ సగం నన్ను లేపి ఫైలు కోసం నడిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

మేడం మూడూ చదివారు. ప్రసాద్ గారి వైపు చూడలేదు. అవసరం ఉందని మీ వ్యవస్థే మూడుసార్లు గుర్తించింది కదా, అన్నారు. తరువాత ఒక షరతు పెట్టారు. మూడో మార్పిడి ఇప్పుడే, తన ఎదుటే జరగాలి. బీరువా తలుపు మీద కాగితం ఉండకూడదు. అనువాదకుడు లోపల ఉండకూడదు. అందులో తప్పు జరిగితే మొదటి రెండూ రద్దు. జరగకపోతే ట్రైనింగ్ నిలుస్తుంది. కానీ ఆ జాబితా మర్నాటికల్లా నంబరుతో పత్రంగా రావాలి.

నేను అద్దం అవతల నిలబడ్డాను. పెదవులు కదలకూడదని పళ్లు బిగించుకున్నాను. మేడం లోపల ఒక మూలన. ఎత్తోరె లోపలికి వస్తూ ఆమెకు కూడా ‘బువోన్ లవోరో’ చెప్పాడు. రూతమ్మ బటన్ మీద వేలు పెట్టింది. అతను చేతులు ప్లేట్ల మధ్యకు పోనిచ్చాడు. నొక్కింది. ఆగింది. మళ్లీ నొక్కింది. ఒకచోట అతను ఏదో అన్నాడు, నాకు వినిపించలేదు. రూతమ్మ వేలు బటన్ మీద నుంచి పూర్తిగా తీసి, రెండు చేతులూ ఛాతీ దగ్గర పెట్టుకుంది. ఎత్తోరె లోపల వంకరగా కూర్చున్న పిన్నును సరిచేసి, చేయి బయటికి తీశాడు. తల ఊపాడు. మళ్లీ నొక్కింది. నలభై నిమిషాలు పట్టింది. చివర్లో అతను పది వేళ్లూ పైకెత్తి మేడంకు చూపించాడు. మేడం మొదటిసారి నవ్వారు.

మూడో సంతకం పడింది.

మర్నాడు నేను, రూతమ్మ, ఎత్తోరె నా బల్ల దగ్గర కూర్చున్నాం. బీరువా తలుపు మీది కాగితాన్ని ముందు పెట్టుకున్నాను. అప్పటిదాకా ఆ పెన్సిల్ రాతలను తప్పులుగానే చూశాను. ఆ రోజే చదివాను. నలభై రెండు మాటల్లో ఇరవైకి పైగా నా ఇంగ్లిషును ఆమె అడ్డంగా కొట్టేసింది. ‘ప్లీజ్ వెయిట్ ఫర్ ఫర్దర్ ఇన్‌స్ట్రక్షన్’ కొట్టేసి ‘ఆగు’. ‘రిమెయిన్ ఇమ్మొబైల్’ కొట్టేసి ‘కదలకు’. ‘ఇన్ దిస్ మేనర్’ కొట్టేసి ‘గిట్ల’. ‘ఇన్ఫర్మేషన్ నాట్ అవైలబుల్’ ఉన్నచోట ఒకే మాట: ‘ఏమో’. ఎత్తోరె భుజాలు ఎగరేసి, పెదవి విరిచి ‘బొహ్’ అన్నాడు. రూతమ్మ కూడా భుజాలు ఎగరేసి, పెదవి విరిచి ‘ఏమో’ అంది. ఇద్దరి ముఖాలూ ఒక్క తీరుగా ఉన్నాయి. నిఘంటువులో లేని మాటకు అంతకంటే మంచి నిర్ధారణ నేను చూడలేదు.

పత్రం ఇంగ్లిషులో ఉండాలి. కనుక ఆమె తెలుగును నేను ఇంగ్లిషులోకి మార్చాను. వెయిట్. డోంట్ మూవ్. లైక్ దిస్. హూ నోస్. ఇటాలియన్ నుంచి ఇంగ్లిషుకు నేరుగా పోదామని పోయి దారి తప్పిన నేను, చివరికి ఆమె తెలుగు మీదుగా చేరుకున్నాను. నలభై రెండో గడి దగ్గర ‘వర్తించదు’ అని ఉంది. దాని పక్కన కూడా పెన్సిల్ రాత. ‘పైలం’. జాగ్రత్తగా ఉండమని.

“పొద్దుగాల్ల పనిల దిగేటప్పుడు మేం గదే గద సార్ అనుకునేది,” అంది రూతమ్మ. “పైలం అక్కా అని. వర్తించకపోవుడు ఏంది? అందరికీ వర్తిస్తది.”

‘వర్క్ సేఫ్లీ’ అని రాశాను. పూర్తిగా సరిపోదు. అయినా ‘వర్తించదు’ కంటే నయం.

కింద మూడు గడులు. ‘తయారు చేసినవారు’ దగ్గర నా పేరు రాయబోయాను. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన గడి అది. కలం పెట్టాక, పాత పుస్తకంలో ఆ గడిలో ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీరు పేరు కళ్ల ముందు కనిపించింది. నేనిప్పుడు రాయబోయేది సరిగ్గా అట్లాంటి పేరే. కాగితంలో సగానికి పైగా మాటలు గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషివి. రెండు పేర్లు రాశాను. ఆమె పేరు ముందు రాయలేదు. అంత గొప్పవాణ్ని కాను. నా పేరు రాసి, పక్కన ఆమె పేరు రాశాను.

ప్రసాద్ గారు పత్రం వెనక్కి పంపారు. ఆఫీసరు హోదా లేనివాళ్ల పేరు ఆ గడిలో ఉండకూడదు, పైగా కాంట్రాక్టు మనిషి. అది నియమమే. నేను రాసి కాపాడిన నియమం. నాలుగో మెమో రాసి స్వయంగా తీసుకుని వెళ్లాను. గదిలో ఆయన ఒక్కరే ఉన్నారు.

“మళ్లీ ఏంటి, నర్సింలు గారూ?” అన్నారు.

“సార్, గా బటన్ మీద ఏలు పెట్టింది ఆమె. ఆమె మాట రాసిన కాయితం మీద ఆమె పేరు లేకుంటే గది తప్పుడు రికార్డు అయితది. తప్పుడు రికార్డు మీద నేను ముద్ర ఎయ్య,” అన్నాను.

ఆయన మెమో చదివి కలం తీశారు. ‘అవసరం లేదు’ అని రాస్తారేమోనని కలం వైపే చూస్తున్నాను. ‘ప్రత్యేక సందర్భంగా ఆమోదించడమైనది’ అని రాసి సంతకం పెట్టారు. మూడు మెమోలు బయట పెట్టినందుకు ఆయన నన్ను ఆ రోజూ ఏమీ అనలేదు, తరువాతా అనలేదు. నవ్విన సంగతి క్యాలెండరులో అట్లాగే ఉంచాను. ఈ సంగతి కూడా దాని పక్కనే రాశాను.

శనివారం వెళ్తూ ఎత్తోరె ఆ చప్పటి పెన్సిల్ రూతమ్మకు ఇవ్వబోయాడు. నేను చేయి అడ్డుపెట్టి, గేటు బయట ఇమ్మన్నాను. గేటు బయటే ఇచ్చాడు.

రూతమ్మ ఆ ఏడాదే కంపెనీ రోల్లోకి వచ్చింది. గడువు తీరని గేటు పాస్ వచ్చింది. నేను రిటైరయిన తరువాత ఒకసారి ఫోను చేసింది. జాబితాను సవరించారట. మరో పదకొండు మాటలు చేరాయట. నియమం ప్రకారం సవరణ చేసినవారి పేరే గడిలో ఉంటుంది కనుక ఇప్పుడు ఆమె పేరు ఒక్కటే ఉందట. నా పేరు చివరి పేజీలో, పాత సవరణల పట్టికలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్షరాల సైజు గురించి కంపెనీకి ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఆ రెండు వారాల నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. సాంకేతిక పదాలను నిఘంటువుతో మార్చవచ్చు. మామూలు మాటలను, అవి విని చేయి కదపవలసిన మనిషి చేత దిద్దించాలి. దిద్దినవారి పేరు గడిలో రాయాలి. గడిలో చోటు లేకపోతే గడిని పెద్దది చేయాలి.